ట్రాలీ వెనక నర్సమ్మ

"పొయ్యి మీద పాలు పెట్టాను, దింపావా?" అని మా అత్తయ్యగారు అడిగేటప్పటికి మేము నేలకి 35,000 అడుగుల ఎత్తున ఉన్నాం.

మా ఆడపడుచు కూతురి పురుటికని డాలస్ బయల్దేరాం, నేనూ ఆవిడా. ఆవిడకి 72 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా షుగరు, పదేళ్లుగా ఇన్సులిన్. విమానం ఎక్కగానే భోజనం పెట్టేస్తారు కదా అని ఎక్కే ముందే సూది వేసుకున్నారు. వద్దనాల్సింది నేను. అనలేదు. విమానం కదలడానికి గంట పట్టింది. పైకి లేచాక కుదుపులని సిబ్బందిని కూడా కూర్చోమన్నారు. నాకు విసుగొచ్చి, అటుగా వెళ్తున్న ఎయిర్ హోస్టెస్‌ని ఆపి, "పెద్దావిడ ఉన్నారు, మీ ట్రాలీ ఎప్పటికి వస్తుందమ్మా?" అని కాస్త కటువుగానే అన్నాను. షుగరు సంగతి చెప్పానా అంటే అదీ లేదు. షుగరు చూసుకునే మిషనూ, బిస్కెట్లూ నా చేత్తోనే పెద్ద సూట్‌కేసులో సర్ది, లగేజీలో వేసేశాను.

పాల సంగతి అడిగేసరికి కలవరిస్తున్నారేమో అనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, జాకెట్టు చెమటకి తడిసిపోయింది. నా గొంతులోంచి ఏం కేక వచ్చిందో నాకు గుర్తు లేదు. ఇందాక నేను విసుక్కున్న ఆ అమ్మాయే పరుగున వచ్చింది. కంగారు లేదు. సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని మూడే మూడు ప్రశ్నలు వేసింది. షుగరుందా? సూది ఎప్పుడు వేసుకున్నారు? ఆఖరిసారి ఎప్పుడు తిన్నారు? తర్వాత అత్తయ్యగారి చెంప మీద మెల్లగా తట్టి, ఒక గుక్క నీళ్లు తాగించి, మింగగలుగుతున్నారని చూసుకుంది. ఆ తర్వాతే పంచదార కలిపిన బత్తాయి రసం కొంచెం కొంచెంగా పట్టింది. ఈలోగా "విమానంలో డాక్టర్లెవరైనా ఉన్నారా?" అని మైకులో అడిగారు. వెనక వరసల్లోంచి ఒకాయన వచ్చి, నాడి చూసి, "చేయాల్సింది ఈ అమ్మాయి చేసేసిందండీ" అని పక్కన నిలబడ్డారు.

పావుగంటలో అత్తయ్యగారు తేరుకున్నారు. ఆ అమ్మాయిని తేరిపార చూసి, "చల్లగా ఉండు నర్సమ్మా" అన్నారు. "నర్సు కాదత్తయ్యా, ఎయిర్ హోస్టెస్" అని నేను సరిదిద్దాను.

తప్పు ఆవిడది కాదు, నాదని ఆ తర్వాత తెలిసింది. డాలస్‌లో పసివాడు నిద్రపోయే వేళల్లో కూర్చుని, అసలు గాల్లో వైద్యం ఎలా మొదలైందా అని చదువుతూ పోయాను. మొట్టమొదటి ఎయిర్ హోస్టెస్ నిజంగానే నర్సు!

ఆవిడ పేరు ఎలెన్ చర్చ్. 1904లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో క్రెస్కో అనే చిన్న ఊళ్లో పుట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో నర్సుగా పనిచేస్తూ విమానం నడపడం నేర్చుకుంది. ఆ రోజుల్లో ఆడపిల్లని పైలట్‌గా తీసుకునే కంపెనీ ఒక్కటీ లేదు. 1930లో బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ అనే కంపెనీలో స్టీవ్ స్టింప్సన్ అనే అధికారిని కలిసి ఇంకో మాట చెప్పింది: విమానం ఎక్కాలంటే జనం భయపడుతున్నారు, లోపల ఒక నర్సు ఉంటే ధైర్యంగా ఉంటుంది కదా అని. ఆయనకి ఆ మాట నచ్చింది. మూడు నెలలు చూద్దామని కంపెనీ ఒప్పుకుంది. ఎలెన్‌తో కలిపి ఎనిమిది మంది నర్సులని తీసుకున్నారు.

1930 మే 15న ఓక్లాండ్ నుంచి షికాగో వెళ్లే విమానంలో ఎలెన్ డ్యూటీకి ఎక్కింది. మధ్యలో 13 చోట్ల ఆగుతూ 20 గంటల ప్రయాణం. అప్పటి విమానాలు ఇప్పటిలా మబ్బుల పైన వెళ్లేవి కావు. కిందుగా, గాలివాటుకి ఊగుతూ వెళ్లేవి. చలి, చెవులు చిల్లులు పడే మోత. ఎక్కినవాళ్లలో చాలామందికి వాంతులు. మన ఘాట్ రోడ్డు మీద ఎర్రబస్సుని తలచుకుంటే సరిపోతుంది. అలాంటి చోట ఒక నర్సు ఏం చేస్తుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. తల పట్టుకుంటుంది, మూతి తుడుస్తుంది, దుప్పటి కప్పుతుంది, భయపడేవాళ్ల పక్కన కూర్చుని మాట్లాడుతుంది. అంతటితో అయిపోలేదు. సామాన్లు మోయడం, వదులైన సీట్లకి మరలు బిగించడం, అవసరమైతే ఇంధనం నింపడంలో సాయపడటం, విమానాన్ని షెడ్డులోకి తోయడం కూడా వాళ్ల పనే. నెలకి 125 డాలర్ల జీతం.

ఉద్యోగానికి పెట్టిన షరతులు చదివితే నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. నర్సు చదువు ఉండాలి. బాగానే ఉంది. పెళ్లి కాకూడదు, 25 ఏళ్లు దాటకూడదు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు మించకూడదు, బరువు 115 పౌండ్లు, అంటే సుమారు 52 కేజీలు మించకూడదు. ఇరుకు విమానంలో ఎత్తూ బరువూ చూడటంలో కొంత అర్థముంది. మరి పెళ్లి ఏం బరువు?

మూడు నెలల ప్రయోగం నిలబడింది. మిగతా కంపెనీలు కూడా నర్సులని తీసుకోవడం మొదలుపెట్టాయి. ఇలా పదేళ్లు గడిచాక రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగింది. నర్సులు యుద్ధానికి కావాల్సి వచ్చారు. దాంతో విమాన కంపెనీలు "నర్సు అయి ఉండాలి" అన్న నియమాన్ని తీసేశాయి. ఎలెన్ కూడా సైన్యంలో చేరి, గాయపడ్డ సైనికులని విమానాల్లో తరలించే నర్సుగా పనిచేసి, ఎయిర్ మెడల్ అందుకుంది. తర్వాత ఆసుపత్రి నడిపే బాధ్యతలో ఉంటూ 1965లో గుర్రం మీంచి పడి చనిపోయింది. క్రెస్కోలోని చిన్న విమానాశ్రయానికి ఇప్పుడు ఆవిడ పేరే.

నేను ఆగిపోయింది ఇక్కడే. యుద్ధం అయిపోయాక నర్సు నియమం తిరిగి రాలేదు. పెళ్లి కాకూడదన్న నియమం మాత్రం దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు! వైద్యం తెలిసిన మనిషి కావాలని మొదలైన ఉద్యోగంలో చివరికి రూపం, నవ్వు, వయసు మిగిలాయి.

మన దేశమూ తక్కువ తినలేదు. ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్‌కి 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి నెల తప్పినా ఉద్యోగం పోయే నిబంధన ఉండేది. నర్గేష్ మీర్జా అనే ఉద్యోగిని, ఆమెతో మరికొందరు కోర్టుకెళ్లారు. 1981లో సుప్రీం కోర్టు గర్భం పేరుతో ఉద్యోగం తీసేయడాన్ని కొట్టేసింది. నాలుగేళ్ల పెళ్లి నిబంధనని మాత్రం అప్పటికి ఉంచేసింది. ఒక్కసారి ఆలోచించండి. అర్ధరాత్రి పసిబిడ్డకి ఫిట్స్ వచ్చినా, పెద్దాయనకి ఎగశ్వాస వచ్చినా చెయ్యి వణకకుండా పట్టుకునేది ఎవరు? ఇద్దరు పిల్లల్ని పెంచి, నలుగురికి చాకిరీ చేసి రాటుదేలిన ఆడమనిషి కాదూ? సరిగ్గా అలాంటివాళ్లనే ఇంటికి పంపే నియమం అది.

అసలు విమానంలో మనిషికి ఎందుకు బాగుండదు? నాకు ఇదివరకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. విమానం 35,000 అడుగుల మీద ఎగిరినా, లోపల గాలిని నొక్కిపెట్టి ఉంచుతారు కాబట్టి మనం బతికి ఉంటాం. బోయింగ్ స్ట్రాటోలైనర్ అనే విమానంతో 1940లో ఈ ఏర్పాటు ప్రయాణికుల సర్వీసుల్లోకి వచ్చింది. అయితే లోపలి గాలి మన హైదరాబాదు, విజయవాడ గాలిలా ఉండదు. 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తు కొండ మీద ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఊటీ ఎత్తు 7,300 అడుగుల పైచిలుకు. అంటే విమానం ఎక్కిన అరగంటలో మనం కూర్చున్న చోటే ఊటీ ఎక్కేసినట్టు లెక్క.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి తేడా తెలియదు. గుండె జబ్బు, ఆయాసం, రక్తహీనత ఉన్నవాళ్లకి అక్కడ దొరికే ఆక్సిజన్ చాలకపోవచ్చు. ఎత్తుకి వెళ్లేకొద్దీ ఒంట్లో చిక్కుకున్న గాలి కూడా ఉబ్బుతుంది. కడుపు ఉబ్బరం, చెవిపోటు దానివల్లే. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లని కొన్నాళ్లు విమానం ఎక్కొద్దనేదీ అందుకే. దీనికి తోడు లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది. బాత్రూముకి లేవాల్సొస్తుందని మన పెద్దవాళ్లు నీళ్లే తాగరు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఉంది. రాత్రిపూట ప్రయాణం, నిద్ర లేదు, మందుల వేళలు తారుమారు. ఇవన్నీ కలిసి మనిషిని పడేస్తాయి.

మరి ఇన్ని తెలిసినా విమానాల్లో మందులుండేవా అంటే, చాలాకాలం కట్టు గుడ్డలూ దూదీ ఉన్న ప్రథమ చికిత్స పెట్టెతోనే నెట్టుకొచ్చారు. అమెరికాలో 1986లోగాని డాక్టర్లు వాడదగ్గ మందుల పెట్టె తప్పనిసరి కాలేదు. ఆ పెట్టెలో స్టెతస్కోపు, బీపీ చూసే పట్టీ, గుండెనొప్పికి నాలుక కింద పెట్టే మాత్రలు, ఎలర్జీకి ఇంజెక్షన్లు, షుగరు పడిపోయినవాళ్లకి నరంలోకి ఎక్కించే గ్లూకోజు ఉండేవి. పెద్ద జాబితా ఏమీ కాదు. ఎలెన్ చర్చ్ విమానం ఎక్కిన 56 ఏళ్లకి ఇది!

పెట్టెలో ఉన్నది చాలనప్పుడు ఏం చేస్తారో చెప్పే కథ ఒకటుంది. 1995 మే నెలలో హాంకాంగ్ నుంచి లండన్ వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో జరిగింది. ఎయిర్‌పోర్టుకి వస్తూ దారిలో మోటార్ సైకిల్ మీంచి పడ్డ ఒక ప్రయాణికురాలు, పెద్ద దెబ్బేం కాదనుకుని విమానం ఎక్కేసింది. మనలో ఎంతమందిమి ఇలా చేయం? టికెట్టు పోతుందని, అవతల ఎదురు చూస్తుంటారని, "ఏం కాదులే" అని ఎక్కేస్తాం. చెయ్యి నొప్పిగా ఉందంటే విమానంలోనే ఉన్న ఇద్దరు డాక్టర్లు వచ్చి కట్టు కట్టారు. ఒకరు నాటింగ్‌హామ్‌లో ఎముకల వైద్యం ప్రొఫెసరు ఆంగస్ వాలెస్, ఇంకొకరు టామ్ వాంగ్ అనే యువ డాక్టరు. పైకి ఎగిరాక ఆమెకి ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం మొదలైంది. విరిగిన పక్కటెముక ఊపిరితిత్తిని చీల్చింది. లోపల చేరిన గాలి ఊపిరితిత్తిని నొక్కేస్తోంది. ఆ గాలిని బయటికి తీయకపోతే ప్రాణం పోతుంది.

పెట్టెలో మూత్రం తీసే గొట్టం ఒకటుంది, అది మరీ మెత్తన. బట్టలు తగిలించే తీగ హ్యాంగర్‌ని సాగదీసి ఆ గొట్టంలో దూర్చి గట్టిపరిచారు. సూక్ష్మక్రిములు చావడానికి బ్రాందీ పోశారు. తాగే నీళ్ల సీసా మూతకి చిల్లులు పెట్టి, లోపలి గాలి బయటికి వచ్చేలా, బయటి గాలి లోపలికి పోకుండా ఏర్పాటు చేశారు. పెట్టెలో ఉన్న మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పక్కటెముకల మధ్య కోసి, గొట్టం దించారు. కాసేపటికి ఆమె తేరుకుని, మిగతా ప్రయాణం మామూలుగా చేసి, లండన్‌లో ఆసుపత్రికి చేరింది. ఆ డాక్టర్లు ఇదంతా అదే ఏడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. చదువుతుంటే నాకు మన వంటిల్లే గుర్తొచ్చింది. లేనిదాని కోసం ఏడవకుండా ఉన్నవాటితో గడుపుకురావడం మనకి కొత్త విద్య కాదుగా.

ఆ కథ వింటే అందరికీ సంతోషమే. రెండోది చెప్పడం కష్టం. అయినా ఆడవాళ్లం తప్పకుండా తెలుసుకోవాల్సింది అదే.

1998 జనవరి మొదటి వారం. ఏథెన్స్ నుంచి న్యూయార్క్ వెళ్లే ఒలింపిక్ ఎయిర్‌వేస్ విమానంలో ఒక డాక్టరుగారు భార్యాపిల్లలతో ఎక్కారు. ఆయనకి ఉబ్బసం, సిగరెట్ పొగ అస్సలు పడదు. అప్పటికి ఆ విమానంలో పొగ తాగేవాళ్లకి విడిగా వరసలు ఉండేవి. వీళ్ల సీట్లు ఆ వరసలకి మూడే వరసల ముందు పడ్డాయి. భార్య వెళ్లి, మా ఆయనకి పొగ పడదు, సీటు మార్చండి అని అడిగింది. కూర్చోమన్నారు. మళ్లీ అడిగింది, విమానం నిండిపోయింది అన్నారు. పొగ దట్టమయ్యాక మూడోసారి అడిగింది. కావాలంటే మీరే ఎవరినైనా బతిమాలుకోండి అన్నారు. ఆ రోజు విమానంలో 11 సీట్లు ఖాళీగా ఉన్నాయని తర్వాత తేలింది. ఆయన ఊపిరి ఆడక విమానంలోనే చనిపోయారు.

ఆమె కోర్టుకెళ్లింది. విమానంలో "ప్రమాదం" జరిగితేనే కంపెనీది బాధ్యత అని 1929 నాటి వార్సా ఒప్పందం చెబుతుంది. సిబ్బంది మాట వినకపోవడం ప్రమాదం ఎలా అవుతుందని కంపెనీ వాదన. ఆరేళ్ల తర్వాత, 2004లో, అమెరికా సుప్రీం కోర్టు 6–2 మెజారిటీతో తీర్పిచ్చింది: సాయం అడిగితే కాదనడం కూడా ప్రమాదమే. ఈ వాక్యం చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మన మాట ఎవరూ పట్టించుకోకపోతే మనమే ఎక్కువ గాభరా పడ్డామేమో అని తగ్గిపోతాం కదా. ఆమె మూడుసార్లు అడగబట్టే, చేయాల్సింది ఎవరు చేయలేదో లోకానికి తెలిసింది.

అదే 1998లో అమెరికాలో ఇంకో చట్టం వచ్చింది. విమానంలో సాయపడటానికి లేచిన డాక్టర్లు, నర్సులు మరీ బాధ్యతారహితంగా ప్రవర్తిస్తే తప్ప వాళ్ల మీద దావా వేయడానికి వీల్లేకుండా చేసింది. గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే చిన్న మిషన్లు కూడా ఆ దశాబ్దంలోనే విమానాల్లోకి వచ్చాయి. 1990ల మొదట్లో వర్జిన్ అట్లాంటిక్, క్వాంటాస్ వాళ్లు పెట్టారు. అమెరికాలో 1997లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టింది. ఆ కంపెనీ విమానాల్లో వాడిన మిషన్ల లెక్క 2000లో వైద్య పత్రికలో వచ్చింది. షాక్ ఇచ్చినవాళ్లలో 40 శాతం మంది బతికి, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లారు. అప్పటిదాకా గాల్లో గుండె ఆగిందంటే దాదాపు ఆశ వదులుకోవడమే. 2004 నుంచి అమెరికాలో పెద్ద ప్రయాణికుల విమానాలన్నిటికీ ఇది తప్పనిసరి అయింది. ఈ మిషను నడపడానికి డాక్టరు అక్కర్లేదు. ఏం చేయాలో అదే నోటితో చెబుతుంది, నేర్చుకున్న ఎయిర్ హోస్టెస్ చేసేస్తుంది.

నాకు మరీ నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఇప్పుడు విమానంలో ఎవరికైనా బాగా లేకపోతే పైలట్లు రేడియోలోనో, శాటిలైట్ ఫోన్లోనో నేల మీద ఉన్న డాక్టర్లతో మాట్లాడి సలహా తీసుకుంటారు. విమానాన్ని మధ్యలో దింపాలా వద్దా అన్నది కెప్టెన్ నిర్ణయం. దగ్గర్లో ఏ ఊరుంది, అక్కడ పెద్దాసుపత్రి ఉందా, దిగడానికి విమానం బరువు ఎంత అన్నీ చూడాలి. ఇలా సలహా ఇచ్చే కంపెనీల్లో పేరున్నది మెడ్ఎయిర్. 1985లో అమెరికాలోని అరిజోనాలో దాన్ని పెట్టింది జోన్ సలివన్ గారెట్ అనే ఆవిడ. రోగులని హెలికాప్టర్లలో తరలించే నర్సు! విమాన కంపెనీలు నర్సు నియమాన్ని తలుపులోంచి బయటికి పంపితే, నర్సు మళ్లీ కిటికీలోంచి వచ్చింది.

ఇంతకీ ఇలాంటివి ఎంత తరచుగా జరుగుతాయి? అయిదు విమాన కంపెనీల్లో 2008 నుంచి 2010 దాకా జరిగిన దాదాపు 12,000 కేసులని పరిశీలించి 2013లో అమెరికా డాక్టర్లు ఒక లెక్క ఇచ్చారు. సుమారు 600 విమానాలకి ఒక కేసు. అందులో మూడో వంతు కంటే ఎక్కువ స్పృహ తప్పడం, కళ్లు తిరగడం. తర్వాత ఆయాసం, వాంతులు. విమానాన్ని దారి మళ్లించాల్సి వచ్చింది 7 శాతం కేసుల్లోనే. చనిపోయింది వెయ్యికి ముగ్గురు. కాబట్టి భయపడి అమ్మానాన్నల ప్రయాణాలు మానిపించక్కర్లేదు. అయితే ఇదే లెక్కలో ఇంకో మాట ఉంది. డాక్టరు దొరికింది 48 శాతం సార్లే, నర్సు దొరికింది ఇంకో 20 శాతం. మిగతా సార్లు? ఎక్కువగా ఆ ట్రాలీ తోసే అమ్మాయీ అబ్బాయే.

డాక్టరు దొరికిన కథ మన తెలుగువాళ్లకి బాగా గుర్తుండేది ఒకటుంది. 2022 జులైలో ఢిల్లీ నుంచి హైదరాబాదు వచ్చే విమానంలో అర్ధరాత్రి దాటాక ఒక ప్రయాణికుడికి బాగా లేదని, డాక్టర్లెవరైనా ఉన్నారా అని అడిగితే లేచి వెళ్లింది అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్‌గారు. ఆవిడ చదువు ప్రసూతి వైద్యం. గవర్నర్ హోదా పక్కన పెట్టి ఆయన నాడి చూసి, ముందుకి వంగి కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టించారు. ఆ పిలుపు విని కూడా ఎవరో ఒకరు లేస్తారులే అని కూర్చుంటే పని జరగదు. ఆడవాళ్లకి పిలవగానే లేవడం అలవాటే.

ఇంత చదివాక నేను చేసిన తప్పులు నాకే వరసగా కనిపించాయి. మీరు చేయకూడదని చెప్తున్నాను. మందులన్నీ, చీటీతో సహా, చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో వేస్తే అవి విమానం పొట్టలో ఉంటాయి, మనిషి సీట్లో ఉంటుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు భోజనం చేతికి వచ్చాకే సూది ముట్టుకోవాలి. వేళల తేడా వచ్చే దూర ప్రయాణమైతే మోతాదు ఎలా మార్చాలో ముందే డాక్టరుని అడగాలి. షుగరు పడిపోయినప్పుడు స్పృహలో ఉండి మింగగలిగితేనే నోట్లో తీపి పెట్టాలి. స్పృహ లేకపోతే ఏమీ పోయకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి సిబ్బందిని కేకెయ్యాలి. జబ్బులూ, వాడే మందులూ ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి పెద్దవాళ్ల పర్సులో పెట్టాలి, ఒంటరిగా వెళ్లేవాళ్లయితే మరీను. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయించాలి. ఎక్కేటప్పుడే సిబ్బందితో "మా అమ్మకి ఫలానా జబ్బుంది" అని ఒక్క మాట చెప్పాలి. అదేం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆ ఒక్క మాట నేను ముందే చెప్పి ఉంటే ఆ అమ్మాయి ట్రాలీ కోసం ఆగకుండా ఏదో ఒకటి తెచ్చి ఇచ్చేది.

విమానం దిగేటప్పుడు ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి అందరికీ నమస్కారం పెడుతోంది. క్షమించమని అడుగుదామనుకున్నాను. మాట సగంలోనే, "పర్లేదు ఆంటీ, అందరూ కంగారుపడతారు" అంది. అత్తయ్యగారు తల మీద చెయ్యి వేసి మళ్లీ నర్సమ్మా అనే పిలిచారు. ఈసారి నేను నోరు మూసుకున్నాను.

నెల తర్వాత తిరుగు ప్రయాణానికి ముందు ఎలెన్ చర్చ్ కథంతా ఆవిడకి చెప్పాను. శ్రద్ధగా విని, "మరి నేను ముందే చెప్పాగా" అన్నారు. చెప్పి, పటికబెల్లం పొట్లం తన చేతి సంచిలో తనే సర్దుకున్నారు.